ఉలవచేనుకు పరదాలు

పొరుగురాజు మర్నాడు విందుకొస్తున్నాడని వేలమడక రాజు రణవర్మకు కాలూ చెయ్యీ ఆడడం లేదు. ఒకసారి దారి చూసొద్దామని గుర్రమెక్కాడు. రెండువైపులా పచ్చని వరి కనబడుతుందనుకుంటే, నేలంతా ఉలవ తీగ పాకి ఉంది.

"గుర్రాల దాణానా నా అతిథికి చూపించేది? వరి ఏదీ?" అని మండిపడ్డాడు.

గట్టు మీదున్న రైతు సుంకమ్మ దండం పెట్టింది.

"వాన శానా ఎనకబడె సామీ. ఇప్పుడు వరి నాటితే మాడిపోతాది. ఉలవలైతే మంచుకే కాస్తాయి. ఊరంతా కూడబలుక్కుని ఇవే జల్లినాం. పిల్లోళ్లకు గుగ్గిళ్లు, ఎద్దులకు మేత, అన్నీ దీంట్లోనే."

రాజు కోపం చూసి, వెంట వచ్చిన మంత్రి దండపాణికి పండగైంది.

"ప్రభూ, దారి పొడవునా పరదాలు కట్టిస్తాను. విందు ముగియగానే చేలన్నీ పీకించేస్తాను!"

రాజు సరేనన్నాడు. ఆ చేను పోతే ఊరికి ఆ ఏడు తిండి లేదు.

వెనకే వస్తున్న విదూషకుడు ఓబన్న మాత్రం, "భేష్ మంత్రివర్యా! వంటశాల సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. అడిగి మరీ చాకిరీ నెత్తినేసుకునే వెర్రివాడని మంత్రి నవ్వుకున్నాడు.

మర్నాడు పొరుగురాజు వస్తూనే, "మీ దేశంలో దారులకూ ఘోషాయేనా?" అని అడిగాడు. రణవర్మ దగ్గి, ఆయన్ను గబగబా విందుకు తీసుకెళ్లాడు.

విస్తట్లో పట్టనన్ని వంటలు వడ్డించారు. అతిథి ఒక్కటీ ముట్టలేదు. "పేరుమోసిన మీ ఉలవచారు ఏదండీ? దానికోసమే పొద్దున్నుంచి కడుపు మాడ్చుకున్నాను!" అని మొహం వేలాడేశాడు.

"ఓబన్నా! చారేదీ?" రాజు అరిచాడు.

"చెరసాలలో ఉంది ప్రభూ. కాపలా కూడా పెట్టాను."

"పిచ్చి పట్టిందా నీకు?"

ఓబన్న వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"దారిలో అతిథి కంట పడకూడనిది, విస్తట్లో ఆయన నోట ఎలా పడుతుంది ప్రభూ?"

రాజు సిగ్గుపడుతూనే పరదాల సంగతి బయటపెట్టాడు. అతిథికి నవ్వాగక పొలమారింది.

"మా మంత్రులు పట్టుబట్టి వరే వేయించారయ్యా. మడులన్నీ బీటలే! ఆ చేను చూపించండి, విత్తనాలు అడిగి పట్టుకెళతాను."

రణవర్మకు ప్రాణం లేచొచ్చింది. "చేల మీద ఎవరూ చెయ్యి వేయొద్దు! చారును విడిపించండి!" అని కేక పెట్టి, మెడలోని ముత్యాలహారం తీసి ఓబన్నకు వేశాడు.

ఇద్దరు భటులు బల్లేలతో ముందు నడవగా చారుకుండ పొగలు కక్కుతూ వచ్చింది. అందరికంటే ముందు విస్తరి జరుపుకున్నది మంత్రి దండపాణే.

"తమరు ముందెళ్లి పరదాలు పీకి రండి మంత్రివర్యా" అన్నాడు రాజు. "మిగిలితే పోయిస్తాను!"

పంక్తి పంక్తంతా విరగబడి నవ్వింది.