మొసలి ఇచ్చిన జిగురు

అనగనగా ఒక అడవి. దాని చుట్టూరా ఏరే, అంటే అదొక లంకన్నమాట. ఆ లంకలో జంతువులకు ఒకప్పుడు పడవలు కట్టడం వెన్నతో పెట్టిన విద్య. ఏనుగు దుంగలు లాగేది. వడ్రంగిపిట్ట చెక్కలకు బెజ్జాలు పెట్టేది. ఎలుగులు సందులు పూడ్చేవి.

ఒకరోజు గండప్ప అనే మొసలి వచ్చింది. "ఎందుకర్రా ఈ చాకిరీ? నా వీపెక్కండి, ఊరికే దాటిస్తాను" అంది. ఊరికే అంటే ఎవరికి చేదు? పడవలు కట్టడం మానేశాయి. ఉన్న పడవల్ని చలికాలంలో మంటేసుకున్నాయి. ఏరు దాటాక తెప్ప తగలేశారని అంటారే, వీళ్ళు దాటకముందే తగలేశారు! బుద్ధుందా అసలు?

ఎండాకాలం వచ్చింది. ఈతపళ్ళు తినడానికి పిల్లలన్నీ గండప్ప వీపెక్కి అవతలి గడ్డకు వెళ్ళాయి. ఎలుగు ముత్తక్క కూన బొద్దు కూడా వెళ్ళింది. ఇంతలో ఆకాశం నల్లబడింది. వరదొస్తే ఆ గడ్డ మునిగిపోతుంది. ముత్తక్క రేవుకు పరుగెత్తింది.

"గండప్పా, పిల్లల్ని తీసుకురావయ్యా!"

మొసలి తాపీగా ఆవులించింది. "తెస్తాను. కానీ దాటించిన ప్రతిసారీ ఒక పిల్ల నాది."

ముత్తక్క అందరినీ కేకేసి, "పడవ కడదాం, పట్టండి!" అంది.

కట్టడం మానేసి ఏళ్ళయింది కదా, పని ఓ పట్టాన చేతికి రాలేదు. చెక్కలు వంకర పోయాయి. మేకులు జారాయి. ఎలాగో పడవ ఆకారం వచ్చింది. ఇక సందులకు మైనం కావాలి. తేనెపట్టేమో కొండకొమ్మున ఉంది.

అప్పుడు గండప్ప నీళ్ళలోంచి తల ఎత్తింది. "పడవ కట్టుకుంటున్నారా? మంచిదే! తేనెటీగలతో కుట్టించుకోవడమెందుకు? నా దగ్గర జిగురుంది, పట్టుకెళ్ళండి."

"తీసుకుందాం అక్కా! వాన దగ్గరపడింది" అని తొందరపెట్టింది నక్క.

ముత్తక్క తటపటాయించింది. అవతలి గట్టు నుంచి "అమ్మా!" అని బొద్దు ఏడుపు వినిపించింది. అంతే, జిగురు తీసుకుంది. అయ్యో, తీసుకుందర్రా!

ఆ లంకలో ఒక పాత ఆనవాయితీ ఉంది. పడవ కట్టినవాళ్ళే ముందు ఎక్కి, రేవులో కాసేపు కూర్చోవాలి.

"ఇప్పుడా ఆ ముచ్చట్లు?" అని నక్క చిరాకుపడింది.

"నేను కూర్చోని పడవలో ఎవరి పిల్లనీ కూర్చోబెట్టను" అని ముత్తక్క ఎక్కి కూర్చుంది.

కాసేపటికి అరికాళ్ళకు చల్లగా తగిలింది. జిగురు బెల్లంలా కరిగిపోతోంది! పడవ బుడుంగున మునిగింది. గండప్ప నోరు తెరుచుకుని దూసుకొచ్చింది. ఏనుగు తొండం చాచి ముత్తక్కను పైకి లాగేసింది కాబట్టి సరిపోయింది.

వాన మొదలైంది. ముత్తక్క ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. తిన్నగా కొండెక్కింది. తేనెటీగలు ముక్కు మీద కుట్టాయి, కళ్ళ మీద కుట్టాయి. తేనె చేతులమీదుగా కారుతున్నా నాలుక చాచలేదు. ఎలుగుకు అదెంత కష్టమో మీకు తెలుసుగా! మైనం తెచ్చి కరిగించింది. అందరూ కలిసి మునిగిన పడవను ఒడ్డుకు లాగి, గుబురు చెట్టు కింద మంట సెగకు ఆరబెట్టారు. కొబ్బరిపీచును మైనంలో ముంచి సందు సందుకూ కూరారు. ముత్తక్క మళ్ళీ రేవులో ఎక్కి కూర్చుంది. ఈసారి చుక్క నీరు రాలేదు.

"పదండి!" అని తెడ్డు అందుకుంది.

నడి ఏట్లో గండప్ప తోకతో కొట్టింది. పడవ ఊగింది. మళ్ళీ కొట్టింది. చెక్క కిర్రుమంది. మూడోసారి ఒంట్లో బలమంతా కూడదీసుకుని కొట్టింది. ముత్తక్క ఊపిరి బిగబట్టి సందుల వైపు చూసింది. ఒక్కటీ వదల్లేదు!

అవతల పిల్లలు పీకల్లోతు నీళ్ళలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ముత్తక్క అన్నిటినీ ఎక్కించుకుంది. ఇవతలి ఒడ్డుకు చేరాక, బొద్దును గుండెకు అదుముకుని అప్పుడు ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే జంతువులు రెండో పడవ కడుతుంటే గండప్ప రేవుకొచ్చింది. "ఏదో సరదాకన్నానర్రా! ఇకనుంచి అందర్నీ ఊరికే దాటిస్తాను, ఒట్టు."

"విన్నారా? ఊరికేనట! ఇంకో పడవెందుకిక?" అని నక్క తోకూపింది.

ముత్తక్క వాచిన కళ్ళతో నక్కను ఎగాదిగా చూసింది. బొద్దును పిలిచి, "ఈ చెక్క కదలకుండా పట్టుకో నాన్నా. పీచు ఎలా కూరుతున్నానో చూడు. రేపు నువ్వే కూరాలి" అంది.

గండప్ప మర్నాటి దాకా రేవులోనే కాచుకుంది. ఆ పడవకు బొద్దే సొంతంగా పీచు కూరడం చూశాక, కిక్కురుమనకుండా నీళ్ళలోకి జారుకుంది.

నీతి: పరాయివాడి వీపెక్కి దాటేవాడు ఆ పరాయివాడు దించినచోటే దిగాలి, మన రేవును కాచే పడవను మన చేతులతోనే కట్టుకోవాలి, ఆ పని మన పిల్లలకూ నేర్పాలి.