తలుపు మూసి పోసిన వేడినీళ్ళు

చీరాలలో ఒక ఆరు వాటాల లోగిలిలో హైమవతి అనే ఇల్లాలు ఉండేది, తన ఇల్లు అద్దంలా ఉందని రోజూ ఎవరో ఒకరు అనకపోతే ఆమెకు తిన్నది ఒంటబట్టేది కాదు. ఎవరింటికి వెళ్ళినా కిటికీ చువ్వ మీద వేలు రాసి, ఆ వేలి వంక చూసుకునేది. నోటితో ఏమీ అనేది కాదు. ఆ చూపు చాలు, ఆ ఇంటివాళ్ళు మర్నాడే చీపురు పట్టుకునేవారు.

నోటితో అన్నది ఒక్కసారే. చివరి వాటాలో పానకాలు అనే ఆయన కుటుంబం ఉండేది. ఒక వేసవిలో వాళ్ళు మంచాలు వాకిట్లోకి లాగి, పట్టెల మీద మరిగే నీళ్ళు పోసి, పరుపులు ఎండలో పడేశారు. నల్లులు పడ్డాయని వేరే చెప్పాలా? హైమవతి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "నల్లులకొంప!" అంది. ఆ మాట వాళ్ళకు పేరై కూర్చుంది. చివరికి పాలవాడు కూడా "నల్లులవాళ్ళకి అరలీటరు" అని లెక్క చెప్పుకునేవాడు. పాపం, పానకాలు వాళ్ళు తలెత్తుకోలేక ఇల్లు మారిపోయారు. హైమవతి మాత్రం లోగిలికి తానేదో మేలు చేశానని అనుకుంది.

ఆమె గోడకు అవతలి వాటాలో భ్రమరాంబ ఉండేది. భర్త పోయాక జాకెట్లు కుట్టి కూతురు శ్రీలతను పెంచింది, పెళ్ళి చేసి బాపట్ల పంపింది. ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా వదినా అంటే వదినా అని పిలుచుకునేవారు. హైమవతికి టైఫాయిడ్ వచ్చినప్పుడు జావ కాచి పోసి, తల దువ్వి, పక్క మార్చింది భ్రమరాంబే. ఇప్పుడు శ్రీలత పురిటికి వచ్చి మగపిల్లవాణ్ణి కంది. భ్రమరాంబకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

"ఐదో నెలలో సారె పెట్టి పంపిస్తా వదినా. అందాకా వీడు నా వాడే, ఎవరికీ ఇవ్వను" అనేది ఊయల ఊపుతూ.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైమవతి, ఆమె భర్త సుందరరావు ఒక పెళ్ళికి వెళ్ళి, విడిదింట్లో పడుకుని వచ్చారు. వచ్చాక హైమవతికి దిండు గలీబు మీద చిన్న నెత్తుటి చుక్క కనిపించింది. దోమను నలిపి ఉంటాను అనుకుంది. మర్నాడు ఇంకో రెండు చుక్కలు. పరుపు ఎత్తి చూసింది. మంచం పట్టె, కోడు కలిసే సందులో నల్లులు గుంపుగా కదిలాయి. ఆమెకు ఒళ్ళు జలదరించింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"నల్లులేగా? దానికింత ఏడుపెందుకు?" అన్నాడు సుందరరావు. "మా అమ్మ ఏటా చేసేది. మంచం వాకిట్లో వేద్దాం. సలసల కాగే నీళ్ళు బకెట్లతో సందు సందుకీ పోద్దాం. పరుపు మిట్టమధ్యాహ్నపు ఎండలో మాడనిద్దాం. భ్రమరాంబగారికీ ఒక మాట చెబితే, గోడకు అటువైపు ఆవిడా అదే రోజు చూసుకుంటుంది."

"వాకిట్లోనా? అందరూ చూడరూ?"

"చూస్తే ఏం?"

"నన్నేమంటారో మీకు తెలీదు" అంది హైమవతి. ఏమంటారో ఆమెకు బాగా తెలుసు. ఆ పేరు పెట్టింది ఆమే కదా.

భర్త బయటికి పోయి చెబుతాడేమోనని అతని చేయి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. తర్వాత తలుపులు బిగించింది, కిటికీలు మూసింది. చిన్న గిన్నెలో నీళ్ళు కాచి, గరిటెతో పట్టెల సందుల్లో పోసింది. ఎక్కువ పోస్తే తూములోంచి వాకిట్లోకి పారతాయని ఆమె భయం. బకెట్లతో పోయాల్సిన నీళ్ళు గరిటెతో పోస్తే, సందు లోపలికి చేరేసరికి గోరువెచ్చగా అయిపోయాయి. పరుపు కుట్ల మీద ఇస్త్రీపెట్టె తిప్పింది. పైగుడ్డ కాలింది గాని, లోపలి దూదికి ఆ సంగతే తెలియలేదు. వేడి బాగా తగిలిన నల్లులు చచ్చాయి. తగిలీ తగలనివి గోడ పట్టాయి. ఆ గోడకు పై నుంచి కింది దాకా ఒక నెర్రె ఉంది. నెర్రెకు అవతల భ్రమరాంబ గది ఉంది, ఆ గదిలో ఊయల ఉంది.

ఆ వారం హైమవతి హాయిగా నిద్రపోయింది. "చూశారా, ఎవరి చెవినా పడకుండా వదిలించేశాను" అని భర్త దగ్గర గొప్ప చెప్పుకుంది. గోడ అవతల పసివాడు గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు.

భ్రమరాంబ దిష్టి తీసింది. వాము కషాయం పట్టింది. డాక్టరు దగ్గరకు తీసుకెళితే ఆయన ఉక్కకు పేలిందేమో అని పూత మందు ఇచ్చాడు. ఏదీ పనిచేయలేదు. ఒకరోజు ఆమె పిల్లవాణ్ణి ఎత్తుకుని హైమవతి గుమ్మంలోకి వచ్చింది. నిద్ర లేక ఆమె కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"వదినా, నీకు బాగా తెలుస్తుంది. ఇవేమిటో కాస్త చూడు" అంది.

వాడి చేతి మీద ఎర్రటి దద్దుర్లు వరసగా ఉన్నాయి. అలాంటి వరసే హైమవతి మోచేతి మీద మొన్నటిదాకా ఉంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. ఇంతలో వాకిట్లో కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఇటు తిరిగి చూశారు.

"చెమటకాయలే వదినా. పౌడరు రాయి, తగ్గిపోతాయి" అంది హైమవతి.

వదిన చెప్పిందంటే అంతేనని భ్రమరాంబ నమ్మింది. ఇంటికి వెళ్ళి పౌడరు రాసింది.

బారసాల రోజున బాపట్ల నుంచి వియ్యపురాలు అన్నపూర్ణమ్మ వచ్చింది. మనవడి కోసం వెండి మొలతాడు తెచ్చింది. ఊయలలో వేద్దామని వాణ్ణి ఎత్తుకుంటే, మడత బొంతలోంచి నల్లి ఒకటి పాకుతూ బయటికి వచ్చింది. ఆమె బొంత దులిపింది. మరికొన్ని రాలాయి. అప్పుడు పిల్లవాడి చొక్కా ఎత్తి వీపు చూసింది.

"నా మనవణ్ణి నల్లులకొంపలో పడుకోబెట్టారా?" అని అరిచింది. "వాడి ఒంట్లో ఉన్న నెత్తురెంత, వీటికి పెట్టిందెంత? శ్రీలతా, బట్టలు సర్దు!"

భ్రమరాంబ ఆమె చేతులు పట్టుకుంది. "మా ఇంట్లో ఏనాడూ నల్లి లేదు వదినగారూ! ఈ లోగిలి అంతా సాక్ష్యం. ఇదిగో, గోడ పక్కనే ఉంటుంది, మా హైమవతి వదిన్ని అడగండి."

అన్నపూర్ణమ్మ హైమవతి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఎక్కడి నుంచి వచ్చాయి ఇవి?"

పేరంటానికి వచ్చిన వాళ్ళందరూ హైమవతినే చూస్తున్నారు. భ్రమరాంబ కళ్ళలో ఇంకా ధైర్యం ఉంది. వదిన తన పక్షాన మాట్లాడుతుందనే ధైర్యం అది. సుందరరావు తల వంచుకున్నాడు. ఒక్క మాట చాలు. ఆ మాట హైమవతి గొంతు దాకా వచ్చింది.

"ఎవరింట్లో ఏముందో నాకేం తెలుసు?" అంది.

శ్రీలత ఏడుస్తూనే బట్టలు సర్దుకుంది. నూనె దీపాలు వెలుగుతుండగానే తల్లీబిడ్డా ఆటో ఎక్కేశారు. పేరు పెట్టాల్సిన పిల్లవాడికి ఆ ఇంట్లో పేరైనా పెట్టలేదు.

మర్నాడు భ్రమరాంబ మంచం, ఊయల, బొంతలు అన్నీ వాకిట్లోకి లాగింది. ఎవరు చూస్తున్నారో ఆమె పట్టించుకోలేదు. గుండిగలతో నీళ్ళు మరిగించి పోసింది. పాదం మీద ఒలికి బొబ్బలెక్కినా ఆగలేదు. ఎండలో పరుపు తిరగేసి మరగేసి మాడ్చింది. ఇల్లు శుభ్రం చేశాను, పిల్లను పంపండి అని కబురు పెట్టింది. కాని గోడకు ఇవతల కూడా అదే రోజు చేస్తే తప్ప ఆ వేడికి అర్థం లేదు. ఆ సంగతి తెలిసిన మనిషి గోడకు ఇవతల కూర్చుని, అవతల నీళ్ళు పోస్తున్న చప్పుడు వింటూ ఉంది. కొద్ది రోజులకే నెర్రెలోంచి నల్లులు మళ్ళీ వెళ్ళాయి. భ్రమరాంబ మళ్ళీ నీళ్ళు కాచింది, అవి మళ్ళీ వెళ్ళాయి. బాపట్ల నుంచి మాత్రం ఎవరూ రాలేదు.

"తప్పు నాదేనేమో వదినా. కుట్టుపనిలో పడి ఇల్లు సరిగా చూసుకోలేదేమో" అంది ఒకరోజు భ్రమరాంబ. అప్పుడు కూడా హైమవతి నోరు మెదపలేదు. నెల తిరక్కుండా భ్రమరాంబ ఆ వాటా ఖాళీ చేసి, ఊరి చివర ఒక రేకుల గదిలోకి మారిపోయింది.

ఖాళీ గదిలో నెత్తురు పీల్చడానికి మనిషి లేకపోయేసరికి నల్లులన్నీ గోడ దాటి హైమవతి ఇంటికి వచ్చాయి. ఆమెకు వాటి బాధ కన్నా గోడ అవతలి నిశ్శబ్దం ఎక్కువ బాధ పెట్టింది. ఇక ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం మంచం వాకిట్లోకి లాగింది. సలసల కాగే నీళ్ళు బకెట్లతో పోసింది. పరుపు ఎండలో వేసింది. "నల్లులు మావే. మా ఇంటి నుంచే భ్రమరాంబ వదిన ఇంట్లోకి వెళ్ళాయి" అని కుళాయి దగ్గరున్న అందరికీ వినబడేలా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ పేరు పెట్టలేదు. ఒకావిడ "అయ్యో" అని, తన బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ హైమవతి భయపడింది ఈపాటి దానికే.

ఆమె రేకుల గదికి వెళ్ళి భ్రమరాంబ కాళ్ళ దగ్గర కూలబడి అంతా చెప్పింది.

"నల్లులు ఎవరింట్లోనైనా పడతాయి వదినా. దానికి నేనేమీ అనను" అంది భ్రమరాంబ. "కాని వాడి చేయి చూపించి నిన్ను అడిగానే..." ఆ మాట పూర్తి చేయలేకపోయింది. కళ్ళు తుడుచుకుని, "నాకు చెప్పి ఏం లాభం? వాళ్ళకు చెప్పు. ఒకవేళ పంపుతారేమో" అంది.

హైమవతి వెంటనే బస్సెక్కి బాపట్ల వెళ్ళింది. అన్నపూర్ణమ్మ ఆమె చెప్పిందంతా విని, నొసలు చిట్లించింది.

"ఆవిడ పంపిందా నిన్ను?"

"లేదమ్మా, నిజంగా మా మంచంలోవే! నేనే దాచాను."

"ఆ రోజు నేనడిగితే నాకేం తెలుసన్నావు. ఇప్పుడు స్నేహితురాలి కోసం నెత్తిన వేసుకుంటున్నావు. ఇందులో ఏది నమ్మమంటావు? నా మనవణ్ణి ఆ గడప తొక్కనివ్వను."

తలుపు వెనక నుంచి శ్రీలత పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. హైమవతి ఆశగా చేతులు చాపింది. శ్రీలత ఒక అడుగు వెనక్కి వేసింది.

"మా అమ్మ ఆ రోజు మిమ్మల్నే చూసింది అత్తయ్యా" అంది. అంతే, బిడ్డ ముఖం కొంగుతో కప్పి లోపలికి వెళ్ళిపోయింది.

హైమవతి తిరిగి వచ్చేసరికి భ్రమరాంబ గుమ్మంలో నిలబడి ఉంది. ఏమన్నారు అని అడగలేదు, వదిన ముఖం చూసి లోపలికి వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. హైమవతి వీధిలోనే నిలబడిపోయింది.

పిల్లలూ, పెద్దలూ, వినండి: ఇంట్లో పుట్టిన కష్టం సిగ్గు కాదు, దాన్ని దాచి పక్కవాళ్ళ మీదికి తోలడమే సిగ్గు; చెప్పాల్సిన వేళ నోరు మూసుకున్న మనిషి, ఆ తర్వాత ఎంత గట్టిగా నిజం చెప్పినా దాన్ని నమ్మేవాళ్ళు మిగలరు.