వేయి నామాల స్నానం

పాపాఘ్ని ఒడ్డున పూర్ణబోధ స్వామి ఆశ్రమంలో శేషశయనం అనే శిష్యుడుండేవాడు. విష్ణు సహస్రనామం ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పగలనని అతడికి మహా గర్వం. నిజంగానే చెప్పగలడు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు.

ఆశ్రమంలో బెల్లం అనే కుక్క ఉండేది. రంగు చూసి పెట్టిన పేరు. దాని ఒళ్లు బహు సున్నితం. సబ్బు పడదు, తిండి కాస్త మారితే దద్దుర్లు. ఆ ఏడు దురద ఎక్కువై, గోక్కుని గోక్కుని పొట్ట కింద పుండ్లు పడ్డాయి.

"పిల్లా జెల్లా వచ్చే చోటు. దాన్ని ఏటి అవతల వదిలేసి రండప్పా," అంది వంట చూసే ఓబుళమ్మ.

"నలభై రోజులు గడువియ్యమ్మా. సహస్రనామం చదువుతూ నేను స్నానం చేయిస్తా. నయం కాకపోతే నేనే తీసుకెళ్లి వదిలేస్తా," అని శేషశయనం అందరి ముందూ మాటిచ్చాడు.

ఇక రోజూ పొద్దున్నే కుంకుడుకాయ నురగ. కళ్లు మూసుకుని మొదటి నామంతో రుద్దడం మొదలుపెడితే చివరి నామం దాకా రుద్దుడే. ఆపైన మూడు చెంబులు పోసి లేచేవాడు. అది కుయ్యోమంటే గొంతు ఇంకాస్త పెంచేవాడు. చూసేవాళ్లు ఆహా అనేవాళ్లు.

ఇరవయ్యో రోజుకి బెల్లం వీపు కూడా ఎర్రబడింది. బకెట్ చప్పుడు వినగానే కట్టెల మోపు వెనక దూరింది. శేషశయనం గురువు దగ్గరికి పరుగెత్తాడు.

"ఒక్క నామం తప్పలేదు స్వామీ. మరెందుకిలా అయింది?"

స్వామి గోరువెచ్చని నీళ్లు తెప్పించి, ముందు తన ముంజేతి మీద పోసుకుని చూశారు. కట్టెల పక్కన చతికిలబడ్డారు. కుక్క దానంతటది బయటికి వచ్చేదాకా అలాగే కూర్చున్నారు. వచ్చాక పాదాల దగ్గర మొదలుపెట్టి మెల్లగా నీళ్లు పోశారు. వట్టి నీళ్లే.

ఆ వట్టి నీళ్లకే వెంట్రుకల్లోంచి తెల్లగా నురగ పొంగింది. నిన్నటిది, మొన్నటిది. శేషశయనం తన చెంబు వంక చూసుకున్నాడు.

స్వామి పోస్తూనే ఉన్నారు. చాలాసేపటికి నీళ్లు తేటగా జారాయి. అప్పుడు పాత నూలుగుడ్డతో, రుద్దకుండా, ఒళ్లంతా అద్దారు. కాలివేళ్ల సందుల్లో తడి కూడా తీశారు. బెల్లం ఒళ్లు విదిలించుకుని ఆయన పంచె అంచు మీదే పడుకుంది. గోక్కోలేదు.

శేషశయనానికి సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. అయినా అందరి ముందూ అన్న మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

"గడువు ఇంకా ఇరవై రోజులుంది స్వామీ. రేపు మళ్లీ ఏ వేళకి చేయించమంటారు?"

స్వామి తడి పంచె రెండో అంచు పిండుకుంటూ అన్నారు:

"నన్నడుగుతావేం నాయనా? ఒళ్లు దానిది."