ఆముదం మెత్తిన తలుపు

గంగులయ్య ఆముదం గానుగ పెరట్లో కాపలాకు రెండు కుక్కలుండేవి, కర్రోడు, ఎర్రోడు. వాటికో ఇటుకల గూడు, ఆ గూటికి పైనుంచి వేలాడే చెక్క తలుపు. తలతో నెడితే తెరుచుకునేది, వదిలితే మూసుకునేది. అవి బయటికి రావాలంటే అదొక్కటే దారి.

కాపలా మంచిదే. కానీ ఈ రెండూ ఎండుటాకు రాలినా తలుపు తోసుకుని దూకేవి. ఒకరోజు తోక ఊపిన పాపానికి సొంత పెరటి దూడనే దొంగ అనుకుని కరిచాయి. తర్వాత నాకి క్షమాపణ చెప్పుకున్నాయి. పక్కనే గంపలో పదకొండు గుడ్లు పొదుగుతున్న చిట్టెమ్మ అనే పెట్ట ప్రతి గోలకూ బెదిరి లేచేది. లేచినప్పుడల్లా గుడ్లు చల్లబడేవి. ఇంకో అయిదు రోజులు వెచ్చగా ఉంటే పిల్లలవుతాయి. లేకపోతే మురిగిపోతాయి.

ఆమె గోడు కంచె అవతల నక్క విన్నది. తలుపు అంచులకు కాస్త ఆముదం రాయమని సలహా చెప్పింది. జిగటకు గానుగ దగ్గరి పొట్టు అంటుకుని తలుపు కొంచెం బిగుస్తుందనీ, ఊరికే ఉలిక్కిపడితే తెరుచుకోదనీ, నిజంగా అవసరమైతే కుక్కలే బలంగా తోసుకొస్తాయనీ వివరించింది. చిట్టెమ్మ వెళ్ళి గానుగెద్దు నందయ్యను అడిగింది.

"సలహా సరైనదే, చెప్పినవాడే సరైనవాడు కాదు," అన్నాడు నందయ్య. "ఒక్క ఈక ముంచి రాయమ్మా. రెండోసారి ముంచకు."

అలాగే రాసింది. మర్నాడు ఆకులు రాలాయి, కుక్కలు లేవలేదు. పాము వచ్చింది, తలుపు గట్టిగా తోసుకొచ్చి తరిమాయి. దూడ ధైర్యంగా తోక ఊపుకున్నది.

మూడో రోజు నక్క మళ్ళీ వచ్చి కుశలం అడిగింది. పాము గోలకు పాపం ఒకసారి లేవాల్సి వచ్చిందట కదా అని జాలిపడింది.

"ఒక్క ఈకకే ఇంత సుఖం ఉంటే, ముంతెడు ఆముదానికి ఎంత ఉంటుందో నువ్వే ఆలోచించుకో అక్కా."

చిట్టెమ్మ ఆలోచించలేదు. ముంత ఒంపేసింది. ఎగిరొచ్చిన పొట్టంతా ఆ జిడ్డులో కూరుకుని, ఎండకు గట్టిపడి, తలుపు గోడలో కలిసిపోయింది. లోపల కుక్కలు హాయిగా గురక పెడుతున్నాయి.

మధ్యాహ్నం గంగులయ్య నందయ్యను కట్టేసి భోజనానికి వెళ్ళాడు. నక్క చుట్టంలా నడుచుకుంటూ పెరట్లోకి వచ్చింది. చిట్టెమ్మ రెక్కలు కొట్టుకుంటూ కుక్కల్ని పిలిచింది. లోపల తలలు చెక్కకు తగిలిన చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"రండిరా, నా గుడ్లు పోతున్నాయి."

"తలుపు కదలడం లేదు పిన్నీ," అన్నాడు కర్రోడు లోపల్నుంచి. "ఎవరో బుద్ధిలేనివాళ్ళు ఏదో మెత్తారు."

చిట్టెమ్మ జిడ్డంటిన రెక్కను వెనక్కి దాచుకుంది.

నక్క తొందరపడలేదు. ఆరు గుడ్లు తిని, మూతి నాక్కుని, ఏడోదాని మీద కాలు వేసే వేళకు నందయ్య పలుపు తెంపుకొచ్చి, కొమ్ము దూర్చి తలుపు పైకెత్తాడు. ఉక్కిరిబిక్కిరై ఉన్న కుక్కలు ఒక్క దూకు దూకి, ఎదురుగా కనబడిన నందయ్య కాలే పట్టుకున్నాయి. పొరపాటు తెలుసుకునేసరికి నక్క కంచె దాటేసింది.

చిట్టెమ్మ ఏడ్చింది. ఇక జన్మలో ఆముదం చుక్క ముట్టనని ఒట్టు పెట్టుకోబోయింది.

"మొదటి ఈక నీ గుడ్లు తినలేదు," అన్నాడు నందయ్య కుంటుతూ. "ముందు ఆ జిడ్డు గోకు."

పొద్దు వాలేదాకా ముక్కుతో గోకింది. మిగిలిన అయిదు గుడ్లూ చల్లబడకుండా అంతసేపూ కర్రోడు వాటిమీద పడుకున్నాడు. కదిలితే కళ్ళు పొడుస్తానని చెప్పింది మరి. వాడు ఊపిరి కూడా అడిగి పీల్చుకున్నాడు.

నీతి: కాపలావాడి దూకుడు తగ్గించాలి గాని, వాడు వచ్చే దారి మూయకూడదు.