పటికబెల్లం పొట్లం

చిన్న కథే, టీ చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు మా ఊరి పాలకేంద్రం సంగతి చెప్పాలి. అక్కడ పాలకంటే మాటలు ఎక్కువ పోస్తారు. పాలల్లో సుంకమ్మ నీళ్ళు కలుపుతుందని బసివిరెడ్డి, బసివిరెడ్డే కలుపుతాడని సుంకమ్మ రోజూ చెబుతుంటారు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు.

ఆ పాలు కొలిచే చెంచురామయ్యదే ఈ కథ. తెల్లారి సైకిలెక్కి, పొద్దుగూకేలోపు ఒంగోలు చేరాలని అతని పట్టుదల. నూట నలభై కిలోమీటర్లు. రెండుసార్లు బయల్దేరాడు, రెండుసార్లూ పొదిలిలోనే చీకటి పడింది. ఈసారీ కాకపోతే బండి అమ్మేస్తానని పాలకేంద్రంలో అందరి ముందూ అనేశాడు.

అనేసి, తనకు సైకిలు నేర్పిన మస్తాన్ ఉస్తాద్ దగ్గరికి పోయాడు.

"ఉస్తాద్, లోపం బండిలోనా, నా కాళ్ళలోనా?"

ఉస్తాద్ చక్రం తిప్పి చూశాడు. గొలుసు చూశాడు.

"దారిలో ఎక్కడెక్కడ దిగావు?"

"ఊరికొకచోట. ఎక్కడికి పోతున్నావని అడుగుతారు కదా, చెప్పకపోతే బాగుండదు."

ఉస్తాద్ లోపలికెళ్ళి ఒక పొట్లం తెచ్చాడు. పటికబెల్లం ముక్కలు.

"ఒకటి కరిగాక ఇంకోటి బుగ్గన పెట్టుకో. కొరకొద్దు."

"బలానికా ఉస్తాద్?"

"పెట్టుకో."

కంభంలో అడిగారు, మార్కాపురంలో అడిగారు. చెంచురామయ్య బుగ్గ నిండా ముక్కతో తలూపి తొక్కుకుంటూ పోయాడు. తన కాళ్ళు ఇంత బాగా తొక్కుతాయని అతనికి ఆ రోజే తెలిసింది. పొద్దు ఇంకా రెండు బారలుండగా ఒంగోలు బస్టాండు ముందు దిగాడు.

మర్నాడు సైకిలు బస్సు మీద వేయించుకుని ఊళ్ళో దిగాడు. అందరూ చూశారు.

"పోవడం కూడా బస్సులోనే," అంది సుంకమ్మ ఆ సాయంత్రం పాలకేంద్రంలో. "పొదిలిలో మా చెల్లెలు రోడ్డు మీదే కూర్చోనుంది. ఈయన దిగిందీ లేదు, పలకరించిందీ లేదు."

"అయితే బండి ఎప్పుడు అమ్ముతావు రామయ్యా?" అన్నాడు బసివిరెడ్డి.

పాలకోసం వచ్చిన ఉస్తాద్ అడిగాడు. "చేరావా?"

"చేరాను ఉస్తాద్."

"మరి వీళ్ళకి చెప్పవేం?"

చెంచురామయ్య ఒట్టు వేస్తాడని అందరూ చుట్టూ మూగారు. అతను జేబులోంచి మిగిలిన ఒక్క ముక్కా తీసి బుగ్గన పెట్టుకున్నాడు. సుంకమ్మ పాలు కొలిచాడు.