కిరీటం పట్టని తల

శశాంక్‌కి ఒకటే వెలితి. పసిపిల్లల తల కొలవడానికి తను తయారుచేసిన ఫోన్ యాప్‌ని హైదరాబాద్‌లో చూసినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. బహుమతి ఇచ్చారు, శాలువా కప్పారు. గురువుగారు మాత్రం ఇంతవరకూ "బాగుంది" అనలేదు.

గురువుగారంటే డాక్టర్ హైమావతి. గోదావరి పక్కన ఓ చిన్న ఊళ్ళో పిల్లల ఆసుపత్రి నడుపుతున్నారు. పని నేర్చుకోవడానికి వచ్చిన శశాంక్ లాంటి కుర్ర డాక్టర్లు ఆవిణ్ణి మేడమ్ అనరు, గురువుగారనే అంటారు. ఆవిడ కోటు జేబులో పసిపిల్లల తల కొలిచే పొట్టి టేపు, అంకెలు సగం చెరిగిపోయినది, ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని చూస్తేనే శశాంక్‌కి ఒళ్ళుమంట.

ఆ రోజు వీరవేణి అనే అమ్మాయి తన ఆరు నెలల కొడుకుని టీకాకి తీసుకొచ్చింది. శశాంక్ ఫోన్ తీసి పైనుంచి ఒక ఫోటో, పక్కనుంచి ఒక ఫోటో తీశాడు. తెర ఎర్రబడింది. ఆ వయసు పిల్లలకి ఉండాల్సినదానికంటే తల బాగా పెద్దదని అర్థం.

శశాంక్ కాళ్ళు నేలమీద నిలవలేదు. నిజం చెప్పుకోవాలంటే అది బిడ్డ గురించిన కంగారు కాదు, తన యాప్ పట్టేసిందన్న సంబరం.

"తలలో నీరు చేరి ఉండొచ్చమ్మా. ఇవాళే కాకినాడ వెళ్ళి స్కాన్ తీయించండి. ఆపరేషన్ కూడా పడొచ్చు," అని గడగడా చెప్పేసి గురువుగారి గదికి పరుగెత్తాడు.

ఆవిడ వచ్చేసరికి వీరవేణి గోడకి ఆనుకుని నేలమీద కూలబడి ఉంది. ఎవరికీ కనబడకూడదన్నట్టు పిల్లాడి తలని కొంగుతో కప్పేసింది.

"నా బిడ్డ బతుకుతాడాండీ?"

గురువుగారు ఆమె పక్కనే కింద కూర్చున్నారు. కొంగు తొలగించి, టేపుతో పిల్లాడి తల కొలిచి, శశాంక్ ఫోన్‌కేసి చూశారు.

"సరిగ్గా అంతే. వెంట్రుకవాసి తేడా లేదు."

శశాంక్ ఛాతీ ఉబ్బింది.

ఆవిడ పిల్లాడి మాడు మీద వేళ్ళు ఆనించి చూశారు. ఉబ్బు లేదు, మెత్తగా ఉంది. పిల్లాడు ఆవిడ కళ్ళజోడు అందుకోబోయి, అందకపోయేసరికి కోపంగా కేక పెట్టాడు.

"పుట్టినప్పుడు కూడా వీడి తల పెద్దదేనా?"

"ఆయ్. పురిట్లోనే నర్సమ్మగారు అన్నారండి, బరువంతా తలకాయిలోనే ఉందని."

"వీడి నాన్న ఏడీ?"

"బయటున్నారండి."

తండ్రి పేరు దొరబాబు. తలకి తువ్వాలు చుట్టుకుని, పాలిపోయిన ముఖంతో లోపలికొచ్చాడు. గురువుగారు తువ్వాలు తీయమని సైగ చేసి, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టారు. అదే టేపుని అతని తల చుట్టూ తిప్పి, రెండు కొసలూ శశాంక్ చేతికిచ్చారు.

కొసలు కలవలేదు. శశాంక్ ఇంకాస్త లాగాడు. మధ్యలో రెండు వేళ్ళు పట్టేంత జాగా అలాగే ఉంది.

ముందుగా దొరబాబుకే విషయం అర్థమైంది. కూర్చున్నచోటే నిటారుగా అయ్యాడు.

"మా ఇంట్లో మగాళ్ళందరిదీ ఇదే తలకాయండి! నేను నాటకాల్లో రాజు వేషం కడతానండి. అద్దె కిరీటం ఒక్కటీ పట్టదండి నాకు. మా తాతకని చేయించిన కిరీటం ఉందండి ఇంట్లో. ఆయన తర్వాత మా నాన్న పెట్టాడండి, ఇప్పుడు నేను పెడుతున్నానండి. అంత కిరీటం ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదండి!" కొడుకు తల నిమిరాడు. "అదింక వీడిదేనండి."

వీరవేణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఆ ముక్క ఇందాకే చెప్పొచ్చు కదా!"

"ఎవరైనా అడిగితే కదే చెప్పడానికి!"

"నెలనెలా తీసుకురండి," అన్నారు గురువుగారు. "తల ఇదే తీరున పెరుగుతుంటే స్కానూ వద్దు, ఏమీ వద్దు. వాంతులైనా, పిల్లాడు మందకొడిగా ఉన్నా ఆ రోజే రండి."

శశాంక్ చేతిలో టేపు ఇంకా అలాగే ఉంది.

"యాప్ తప్పు చెప్పిందా, గురువుగారూ?"

"లేదని చెప్పానుగా."

ఆవిడ టేపు అతని చేతిలోంచి తీసుకుని, చుట్టి, అతని జేబులోనే వేశారు.

ఈలోగా దొరబాబు కొడుకుని ఎత్తుకుని, తలకి తల ఆనించి నిలబడ్డాడు. "డాక్టరుబాబూ, మా ఇద్దరికీ ఒక ఫోటో తీసిపెట్టండి. మా నాటకం వాళ్ళందరికీ చూపించాలి."

శశాంక్ ఫోన్ ఎత్తాడు. యాప్ ఇంకా తెరిచే ఉంది. 'ఒక్క తలే కనిపించాలి' అని తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

అతను కాసేపు వాటికేసే చూశాడు. తర్వాత యాప్ మూసేసి, మామూలు కెమెరా తెరిచాడు. వీరవేణిని కూడా వచ్చి పక్కన నిలబడమన్నాడు. ముగ్గురికీ ఫోటో తీశాడు.

గురువుగారు అతని భుజం మీదుగా తొంగిచూశారు.

"బాగుంది," అన్నారు.