ఓబులమ్మ దులిపిన తలగుడ్డ

అనగా అనగా ఒక కొండ. ఆ కొండ ఇప్పుడు లేదు. తవ్వి తవ్వి తీసేశారు. అది ఏ కాలమో, ఏలిన దొర ఎవరో చెప్పేవాళ్ళకే సరిగ్గా తెలీదు. ఓబులమ్మ పేరు మాత్రం మిగిలింది.

ఆ కొండ కడుపులో రాతినార ఉండేది. చూస్తే రాయి, చీలిస్తే పత్తిలాంటి పీచు. నిప్పులో వేసినా కాలదు. మగవాళ్ళు తవ్వేవాళ్ళు, ఆడవాళ్ళు సుత్తులతో కొట్టి పీచు తీసేవాళ్ళు, దొర బండ్లకెత్తించి దేశదేశాలకు పంపేవాడు.

నిప్పుకు కాలనిది అమ్మవారి మహిమ కాక మరేమిటి అనుకున్నారు ఆ జనం. ఆ తెల్లటి దుమ్ము కొండమ్మ తల్లి విభూతి అన్నారు. అందుకే పొద్దుగూకి మొగుడు ఇంటికొస్తే, అతని తలగుడ్డను ఆడవాళ్ళు గడప బయట దులిపేవాళ్ళు కాదు, లోపలే దులిపేవాళ్ళు. తల్లి చలవ ఇంట్లో పడాలని.

ఓబులమ్మా అంతే. మంచం పట్టిన అత్తను విడిచి ఆమె ఎన్నడూ కొండ ఎక్కలేదు. మొగుడు బాలగంగన్న కొండ దిగి వచ్చేవాడు. తలగుడ్డ అందుకుని మూడుసార్లు దులిపేది. "తల్లీ, నా ఇల్లు సల్లంగ చూడు" అనేది. దుమ్ము సాయంత్రపు ఎండలో మెరుస్తూ దిగేది. కూతురు నరసి ఆ మెరుపుల కోసం చేతులు చాపి గంతులేసేది.

కొండ పని మొదలైన నాడే దొర అమ్మవారి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు. "ఈ కొండ ఎవరి ఉసురు తీసినా, ఆ ఇంటి పొయ్యి ఆరనియ్యను. ఏటేటా గింజలు నేనిస్తా." బండ జారి పోయినవాడి ఇంటికి ఇచ్చాడు కూడా.

కొండ అయిపోయింది. చివరినాటి తలగుడ్డను ఓబులమ్మ దులపలేదు, ఉతకలేదు. ఇక దొరకని విభూతి కదా అని మడిచి కుండలో దాచింది. అత్త పోయింది. దొర పోయి కొడుకు దొర అయ్యాడు. నరసికి పెళ్ళయి, మొగుడు పోయి, పిల్లలతో పుట్టింటికే చేరింది. బాలగంగన్న గొర్రెలు కాచి అందరినీ సాకాడు.

అప్పుడు పట్టుకుంది అతన్ని ఆయాసం. నాలుగడుగులు వేస్తే చాలు, రొప్పు.

"ఓబులీ, కొండ నా రొమ్ము మింద కూసున్నట్టుందే."

"కొండ యాడుందయ్యా, అంతా తవ్వేసిరి గదా!"

"ఏమో మరి. అది యాడికి పోయిందో నాకు తెలుస్తాంది."

ఆ ఏడే పోయాడు. గొర్రెలూ పోయాయి. ఇంట్లో పొయ్యి వెలగని రోజులొచ్చాయి. ఓబులమ్మకు దొర ప్రమాణం గుర్తొచ్చి, కచేరీకి వెళ్ళింది. అక్కడ పెత్తనమంతా శేషప్పది.

"బండ పడితే పడిన్నాడే తగుల్తాది" అన్నాడు శేషప్ప. "నీ మొగుడు కొండ దిగేనాటికి నీ కూతురు పసిది. ఇప్పుడు దానికే బిడ్డలు. అన్నేండ్లు కాసుకోని కూసునే కొండ యాడుందమ్మీ?"

ఓబులమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆ మాటా నిజమే అనిపించింది. తిరిగొచ్చింది.

మళ్ళీ వెళ్ళింది.

"నీ మొగుడు చుట్ట తాగేటోడా, కాదా?"

"తాగేటోడు సామీ."

"ఇంకేం! చుట్టలమ్మేటోణ్ణి అడుక్కో పో. ఈసారొస్తే కొండలో పని చేసినట్టు గుర్తేదన్నా తీసుకోనిరా."

కచేరీ అంతా నవ్వింది. ఓబులమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆ మాటా నిజమే అనిపించింది. కానీ దారిలో లచ్చుమక్క కనబడింది. ఒకప్పుడు కొండ మీద రాయి కొట్టిన మనిషి. చుట్ట వాసనే గిట్టదు. ఆమె అరుగు మీద కూర్చుని అచ్చం గంగన్న మాదిరే రొప్పుతోంది.

మూడోసారి వెళ్ళేసరికి ఓబులమ్మకే ఊపిరి ఆడటం లేదు. నరసి భుజం పట్టుకుని నడిచింది. చంకలో చిన్న మూట. ఆ రోజు చిన్నదొర కూడా కచేరీలో ఉన్నాడు.

"ఇప్పుడు నీకూ రొప్పేనా?" శేషప్ప ఎకసెక్కంగా అన్నాడు. "నువ్వు కొండ ఎక్కనే లేదు గదమ్మీ!"

"ఎక్కలేదు సామీ."

ఆ మాటా నిజమే. మరి కొండ తన దగ్గరికెలా వచ్చింది?

"గుర్తేమన్నా తెచ్చినావా అవ్వా?" అన్నాడు దొర.

మూట విప్పి తలగుడ్డ తీసింది. ఆ గుడ్డ చేతికి తగలగానే చేతులు పాత అలవాటుకు పోయాయి. ఒకసారి దులిపింది. రెండోసారి దులిపింది.

శేషప్ప చివాలున లేచాడు. ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి దూకాడు. "ఆపు! ఆపవే! ఆ దుమ్ము ఇటు రానీయొద్దు!"

మూడోసారికి చేతులు ఆగిపోయాయి. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము మెరుస్తూ దిగుతోంది.

"ఏం సామీ, అట్ల పారిపోతివి?" ఓబులమ్మ నిజంగానే అడిగింది. "తల్లి విభూతి గదా ఇది. ఎన్నేండ్ల నాటిదో. ఇంగా దీంట్లో ఏముంటాది?"

దొర వాకిలి వైపు చూశాడు. "శేషప్పా, నీకు ముందే తెలుసా?"

"మీ నాయనగారికీ తెలుసు దొరా."

కచేరీలో ఎవరూ నవ్వలేదు. దొర తలవంచుకుని తీర్పు చెప్పాడు. "ఊపిరి తగ్గిన దినమే దెబ్బ తగిలిన దినం. కొండెక్కిన వాళ్ళకే కాదు, గుడ్డ దులిపిన వాళ్ళకూ, ఆ దుమ్ములో ఆడిన బిడ్డలకూ మా నాయన మాట చెల్లుతాది."

ఓబులమ్మ దొరను చూడటం లేదు. నరసిని చూస్తోంది. గాల్లోకి చాచిన ఆ చిన్న చేతుల్ని చూస్తోంది.

"ఇంట్లో దులిపితినే దొరా. తల్లికి మొక్కే దులిపితి. అది నా తప్పా?"

దొర గింజల బండి కట్టమన్నాడు.

గింజల బండి వచ్చింది గానీ, ఆలస్యంగా వచ్చింది. ఎద్దుల గజ్జెలు విని ఓబులమ్మ కన్ను మూసిందని కొందరు, అప్పటికే మన్నయిందని కొందరు చెబుతారు. నరసి పొయ్యి వెలిగించింది. మొదటి ముద్ద కొండమ్మ తల్లికి పెట్టి, రెండో ముద్ద ఓబులమ్మ పేర బయట పెట్టి, మూడోది పిల్లల నోట పెట్టింది.

ఆ పక్క ఊళ్ళలో ఇప్పటికీ పని నుంచి వచ్చినవాడి గుడ్డను గడప దాటి లోపలికి తేనివ్వరు. బయటే నీళ్ళలో ముంచుతారు. ముంచేటప్పుడు "ఓబులమ్మా, దుమ్మును ఇంట్లోకి రానియ్యం" అంటారు.

ఇంకొకటి కూడా ఉంది. పంచాయతీలో ఏ పెద్దమనిషైనా "అది పాత సంగతి, ఇప్పుడెందుకు?" అన్నాడంటే, ఎవరో ఒకరు లేచి భుజం మీది తుండుగుడ్డ చేతిలోకి తీసుకుంటారు. "దులపమంటావా?" అని అడుగుతారు.

అప్పుడు ఎవరు వెనక్కి జరుగుతారా అని ఊరంతా చూస్తుంది.